నురుగు ఆగేదాకా

ఇల్లు, ముందు గది
వానలు మొదలైన వారం

బామ్మర్దికి,

మీ బావ చెప్పగా మీ అక్క రాస్తున్న ఉత్తరం. ఫోనులో నేను ఎంత చెప్పినా నువ్వు "ఆ" అంటావు. అది సరేనన్న "ఆ"నో, వినపడలేదన్న "ఆ"నో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు. కాబట్టి కాగితమే నయం. నా కళ్లకి పొర కమ్మింది. చదవలేను, రాయలేను. నోరు మాత్రం బాగానే ఉంది. మన లాండ్రీ దుకాణంలో నేను చెబుతుంటే మీ అక్క బిల్లులు రాసేది కదా, ఇదీ అదే పద్ధతి.

విషయం ఏమిటంటే, నా ఎడమ పాదం మీద ఇనప స్టూలు పడింది. పడలేదు తమ్ముడూ, ఈయనే పడేసుకున్నారు. ఈ ముక్క రాయొద్దన్నాను, మీ అక్క రాసేసింది. చిటికెన వేలి పక్కన చొక్కా గుండీ అంత గాయమైంది. వీధి చివర క్లినిక్కుకి వెళ్లాం. కుర్ర డాక్టరు. మీసం ఇంకా వద్దామా మానేద్దామా అని ఆలోచనలో ఉంది. కాలు చూసి, "ఉప్పు నీళ్లతో కడగండి, శుభ్రమైన గుడ్డ కట్టండి, కెలక్కండి, అదే మానుతుంది" అన్నాడు.

ఇదొక వైద్యమా? మంట లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. మందు పనిచేస్తోందని నాకెలా తెలియాలి? ఆ మాట అక్కడ వరసలో కూర్చున్నవాళ్లందరూ వింటుండగానే అడిగేశాను. "నీకంటే నా ఇస్త్రీపెట్టె వయసులో పెద్దది నాయనా" అని కూడా అన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. బుచ్చుకోనీ.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది మన నురుగు మందు. డ్రమ్ము మీద పేరు హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఉంటుంది చూడు, అది. ఆస్పత్రి దుప్పట్ల మీద రక్తం మరకలకి పోస్తే ఎలా పొంగేది! నీకు నేను నేర్పిన మొదటి పని అదే కదా. నురుగు ఆగేదాకా పొయ్యి, నురుగు ఆగిందంటే మరక పోయినట్టు. దుప్పటికి పనిచేసేది మనిషికి చెయ్యదా? దుప్పటికంటే తీసిపోయానా నేను? పెద్ద సీసా ఒకటి వెంటనే పంపు.

మీ బావ

తమ్ముడూ, ఇక్కడి నుంచి నా మాట. కలం ఇంకా కదులుతోందని చప్పుడుని బట్టి కనిపెట్టి "ఏం రాస్తున్నావ్" అంటున్నారు. చిరునామా అన్నాను. ఈయనకి చక్కెర ఉందని నీకు తెలుసు. అందుకే నా భయం. నువ్వు రాసే ఉత్తరాల్లో నాకొక్కదానికే చెప్పాల్సింది ఉంటే అడ్డంగా ఒక గీత గీసి కింద రాయి. గీత పైది చదివి వినిపిస్తా. కిందది మింగేస్తా.


దుకాణం, వెనక గది

అక్కకి, బావగారికి నమస్కారాలు.

సీసా పంపాను. డ్రమ్ములోది ఘాటు కాబట్టి నీళ్లు కలిపాను. చేతికి తగలనివ్వకండి.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనే.

―――

అక్కా, గాయం మీద పొయ్యొచ్చో లేదో నాకు తెలియదు. ఈ మందు తగిలి నా వేళ్లు తెల్లగా పాలిపోయి, చురచురమంటూ ఉంటాయి. గట్టి చర్మానికే అలా ఉంటే పచ్చి గాయానికి ఎలా ఉంటుందో అనిపించింది. పంపను అని రాద్దామనుకున్నాను. బావగారికి ఏదైనా కాదని చెప్పడం ఎప్పుడూ అలవాటు లేదు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పంపేశాను.


ఇల్లు, ముందు గది
వానలు ముదిరాక

బామ్మర్దికి,

అద్భుతం. పొయ్యగానే సుయ్యిమంది. చెవి దగ్గరగా పెట్టి విన్నాను. క్రిములు గోలపెట్టి చస్తున్నాయి. మీ అక్కని ఎలా ఉందో చెప్పమంటే "తెల్లగా ఉంది" అంది. అంతే. ఇంట్లో ఇంత పెద్ద యుద్ధం జరుగుతుంటే ఆవిడకి కనపడింది తెలుపు ఒక్కటే. లాండ్రీ బుద్ధి.

ఈ సంగతి వీధంతా తెలిసింది. నేనే చెప్పాననుకో. పొద్దున ఒక ఆట, సాయంత్రం ఒక ఆట. పక్క వాటా గడియారాల మెకానిక్ స్టూలు తెచ్చుకుని మరీ కూర్చుంటున్నాడు. ఎదురింటి ట్యూషన్ పంతులు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి సైన్సు పాఠం చెప్పాడు. "చూశారా, ఎన్ని క్రిములో" అని వాళ్లకి నా కాలు చూపించాడు. అంత గొప్ప కాలు అని నాకే ఇన్నాళ్లూ తెలియదు. క్లినిక్కు కుర్రాడి దగ్గర ఉప్పు నీళ్లు చూడ్డానికి ఎవరన్నా వెళ్లారా? వెళ్లరు. జనం అబద్ధమాడరు.

నురుగు ఇంకా ఆగలేదు. అంటే మరక ఎంత లోతుగా దిగిందో చూడు. ఆగేదాకా వదిలేది లేదు.

మీ బావ

తమ్ముడూ, చొక్కా గుండీ అంత ఉన్నది ఇప్పుడు కోటు గుండీ అంత అయింది. చుట్టూ నానబెట్టిన గుడ్డలా తెల్లబడింది. పొద్దున్న లేచేసరికి గాయంలో ఎర్రగా పల్చని పొర ఒకటి వస్తుంది. కొత్త కండ అనుకుంటా. ఈయన సీసా వంచుతారు. అది పొంగి, తెల్లబడి, పోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది. ఎవరో అల్లిన స్వెట్టరుని రోజూ కూర్చుని విప్పుతున్నట్టుంది నాకు. మన దుకాణానికి తెల్లకోట్లు ఇచ్చే డాక్టరమ్మ ఉంది కదా. ఆవిణ్ణి అడుగు. నోరు తెరిచి అడుగు.


దుకాణం, వెనక గది

అక్కకి, బావగారికి నమస్కారాలు.

ముసురు వదలడం లేదు. బట్టలు ఆరడం లేదు. క్షేమం.

―――

అక్కా, డాక్టరమ్మ వచ్చింది. అడుగుదామని లేచాను. "ఏంటండీ" అంది. "రేపు ఇస్తాం" అన్నాను.

మళ్లీ వచ్చింది. ఈసారి ముందే అనుకుని, గోడ వైపు తిరిగి మాటలు సరిచూసుకుని ఉన్నాను. "మా బావగారి కాలు" అన్నాను. ఆవిడ ఆగింది. నేనూ ఆగాను. "ఏమైంది కాలికి?" అంది. "ఉంది" అన్నాను. ఆవిడ నా వైపు కాసేపు చూసి, "మంచిదండీ" అని వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చినప్పుడు అడుగుతాను.


ఇల్లు, ముందు గది

బామ్మర్దికి,

సీసా అయిపోవచ్చింది. ఈసారి నీళ్లు తక్కువ కలిపి పంపు. నువ్వు మెతకవాడివి, నీ చేతిలో మందు కూడా మెతకబడుతోంది.

గడియారాల మెకానిక్‌కి వేలు తెగితే మన సీసాలోదే పోశాను. పొంగింది. వాడికి కళ్లనీళ్లు తిరిగాయి, కృతజ్ఞత అనుకుంటా. మీ అక్క మంట వల్ల అంటోంది.

చక్కెర పరీక్షకని మొన్న క్లినిక్కుకి వెళ్లాం. అక్కడ విశేషాలు ఏమీ లేవు.

మీ బావ

విశేషాలు ఉన్నాయి తమ్ముడూ. కుర్ర డాక్టరు కట్టు విప్పి చూశాడు. తర్వాత ఈయన్ని కాదు, నన్ను చూస్తూ చెప్పాడు. "చక్కెర ఉన్న కాలమ్మా ఇది. ఇలాగే ఉంటే నెల తిరిగేసరికి చిటికెన వేలు తీసెయ్యాలి. అక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేను. ఏం పోస్తున్నారు దీని మీద?" నేను చెప్పబోతే ఈయన నా కాలు తొక్కారు, ఆ బాగున్న కాలితో. "ఉప్పు నీళ్లే" అన్నారు. ఆ పిల్లాడి ముందు అన్ని మాటలనేసి, ఇప్పుడు మాట వినకుండా ఇంకోటి పోస్తున్నానని ఎలా చెబుతారు? ఇటు అతని మాట వినడానికీ ఒప్పుకోరు. రెంటి మధ్య నలిగేది ఆ వేలు.

అడిగావా?


దుకాణం, వెనక గది

బావగారికి నమస్కారాలు.

ఈసారి అడిగాను. కోటు ఇచ్చేటప్పుడు వదల్లేదు, పట్టుకునే ఉన్నాను. ఆవిడ అటు లాగుతోంది, నేను ఇటు లాగుతున్నాను. కోటు చిరిగిపోతుందేమోనన్న భయానికి మాట బయటికొచ్చింది. మొత్తం చెప్పేశాను. మన నురుగు మందు, దుప్పటి లెక్క, అంతా.

ఆవిడ నవ్వలేదు. కోపంగానూ లేదు. ఇంటికెళ్లి ఒక పచ్చి బంగాళదుంప కోసి దాని మీద పొయ్యమంది. తర్వాత ఉడకబెట్టిన ముక్క మీద పొయ్యమంది. చూశాక రమ్మంది.

పచ్చిది పొంగింది. మన ఆస్పత్రి దుప్పట్లలాగే. ఉడికించినది ఉలకలేదు.

వెళ్లి చెప్పాను. అప్పుడు ఆవిడ చెప్పింది ఇది. ప్రాణమున్న కండలో, రక్తంలో, పచ్చి దుంపలో కూడా ఒక పదార్థం ఉంటుందట. కాటలేస్ అని రాసిచ్చింది. ఈ మందు తనని కాల్చకుండా ఒళ్లు దాన్ని తయారుచేసి ఉంచుకుంటుందట. మందు తగలగానే అది పట్టుకుని నీళ్లుగా, గాలిగా విడగొట్టేస్తుంది. ఆ గాలే నురుగు. క్రిములున్నాయని కాదు, కండ బతికి ఉందని. ఉడికితే ఆ పదార్థం చెడిపోతుంది, అందుకే నురుగు రాదు.

దుప్పటి మీద మరక ఎంతో కొంతే ఉంటుంది బావగారూ. అయిపోతే నురుగు ఆగుతుంది. ఒంట్లో రక్తం వస్తూనే ఉంటుంది. పోసిన ప్రతిసారీ పొంగుతుంది. కొన్ని క్రిములు చస్తాయి, నిజమే. వాటితోపాటు కొత్తగా పుట్టే కండ కూడా చస్తుందట. నురుగు ఆగేదాకా పోస్తే, ఆగిన రోజున అక్కడ బతికున్నది ఏమీ ఉండదు.

ఇన్ని మాటలు నేను ఎప్పుడూ రాయలేదు. తప్పుగా అనుకోకండి.


ఇల్లు, ముందు గది
ముసురు వెలిశాక

బామ్మర్దికి,

తప్పుగా అనుకోలేదు. నీ ఉత్తరం పంతుల్ని కూర్చోబెట్టి రెండుసార్లు చదివించి విన్నాను. నీకు తెలియకుండానే నా పక్షాన సాక్ష్యం చెప్పావు.

బంగాళదుంప ఎక్కడ పుడుతుంది? మట్టిలో. మట్టినిండా ఏముంటాయి? క్రిములు. కాబట్టి పచ్చిదాని మీద నురుగొచ్చింది. ఉడకబెడితే క్రిములు చచ్చాయి. కాబట్టి రాలేదు. ఇంత చిన్న విషయానికి ఆ డాక్టరమ్మ కోటు ఎందుకు లాగావు?

అయినా నీ మాట తీసిపారెయ్యకుండా మేము కూడా పరీక్షలు పెట్టాం. టమాటా పొంగింది. కీరా పొంగింది. అరటిపండు తొక్క తీసినా పొంగింది, ఆ తొక్కలోంచి లోపలికెలా దూరాయో క్రిములు, పంతులు ఆలోచిస్తున్నాడు. మాంసం కొట్టు నుంచి లివరు ముక్క తెప్పించి పోస్తే గిన్నె దాటి పొంగి బల్ల మీదికి పారింది. దాని ముందు నా గాయం ఎందుకూ పనికిరాదు. ఇన్ని క్రిములు తింటూ ఇన్నాళ్లు ఎలా బతికామా అని వీధిలో అందరం ఆశ్చర్యపోయాం. ఇకమీదట ఇంట్లోకి పచ్చిది ఏదీ రాకూడదని చెప్పేశాను.

చివరికి పంతులు ధైర్యం చేసి తన వేలు సూదితో గుచ్చుకుని పోసుకున్నాడు. పొంగింది. పాపం, రోజుకి రెండుసార్లు స్నానం చేసే మనిషి. మొహం వేలాడేసుకుని వెళ్లాడు, మళ్లీ స్నానం చేస్తున్నాడట.

పరీక్షలకే ఉన్నది ఖర్చయింది, కొత్త సీసా ఇంకా రాలేదు. అడుగునున్న చుక్కలతో నెట్టుకొస్తున్నాను.

మీ బావ

తమ్ముడూ, ఉడకబెట్టిన కీరా తిన్నావా ఎప్పుడన్నా? మేం తింటున్నాం.

నవ్వుకుందామనే రాశాను, నవ్వు రావడం లేదు. వేలి పక్కన రంగు మారుతోంది. నిన్న మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని ఈయన మంచం మీద కూర్చుని, చేత్తో చిటికెన వేలిని తడుముకుంటూ ఉన్నారు. నొక్కుతారు, ఆగుతారు, మళ్లీ నొక్కుతారు. ఉందా, తెలుస్తోందా అని చూసుకుంటున్నట్టు. నేను కదిలేసరికి కాలు గభాలున దుప్పట్లోకి లాక్కుని, "ఇవాళ నురుగు భలే వచ్చింది" అన్నారు.

ఈయనకీ భయంగానే ఉంది. చెప్పరంతే.


దుకాణం, వెనక గది

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పింది నిజమే కావచ్చు. సీసా పంపాను. ఇది కొత్త రకం. పాతదానికంటే ఘాటు. ఇది పోసినప్పుడు నురుగు తక్కువ వస్తుంది, పని లోపల చేస్తుంది. పోశాక వెంటనే శుభ్రమైన గుడ్డ కట్టాలి. లేకపోతే మందు ఎగిరిపోతుంది. విప్పి చూస్తుంటే కూడా ఎగిరిపోతుంది. పూటపూటా పొయ్యకూడదు, రోజుకి ఒక్కసారి.

―――

అక్కా, సగానికి పైగా నీళ్లు. దీని వెనక వచ్చే సీసాలో ఇంకా ఎక్కువ. ఆ పైది కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లు, అంతే. డాక్టరమ్మని అడిగాను. "మందు మొత్తానికే ఆపాలి" అంది. ఒకేసారి ఆపితే బావగారు ఊరుకోరు, ఇంకెక్కడినుంచైనా తెప్పించుకుంటారు అన్నాను. ఆవిడ ఆలోచించి, "అయితే త్వరగా నీళ్లలోకి దించండి, వారం వారం క్లినిక్కులో చూపించండి, చక్కెర మందు మానకూడదు" అంది. చూపించు. మానకూడదు.

గీత పైన రాసింది అబద్ధం. అంత చిన్న అబద్ధం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఇస్త్రీపెట్టె కింద ఒక చొక్కా మాడింది.


ఇల్లు, ముందు గది
చలి మొదలయ్యాక

బామ్మర్దికి,

గెలిచాం.

కొత్త రకం మొదలుపెట్టాక నురుగు రోజురోజుకీ తగ్గింది. రెండో సీసాకి ఒట్టి చిటపటలు. మూడో సీసా పోస్తే చెవి ఎంత దగ్గర పెట్టినా చడీచప్పుడు లేదు. మరక పోయింది. క్రిమి అన్నది లేదు నా ఒంట్లో. లాండ్రీ లెక్క తప్పుతుందా?

గాయం ఇప్పుడు చొక్కా చేతి గుండీ అంత ఉంది, అదీ పిల్లల చొక్కా. క్లినిక్కు కుర్రాడు చూసి "బాగుందండీ, ఇలాగే ఉప్పు నీళ్లు పోస్తూ ఉండండి" అన్నాడు. పిచ్చివాడు. నవ్వుకున్నాను.

ఒక్కటే లోటు. నురుగు తగ్గేసరికి జనం తగ్గారు. మూడో సీసా ఆటకి పంతులు ఒక్కడే వచ్చాడు, అతనూ ఆవలించాడు. అందుకని ఒక ఆలోచన చేశాను. ఈ వైద్యం నా ఒక్క కాలితో ఆగకూడదు. వరండాలో బల్ల వేయిస్తున్నాను. గడియారాల మెకానిక్ బోర్డు రాస్తానన్నాడు. రొట్టెల కొట్టు ఆవిడకి మోకాలు గీసుకుంది, వస్తానంది. పాల డిపో అతని తల్లికి మడమ మీద పుండు, ఎన్నాళ్ల నుంచో ఉంది, నల్లబడిందట. ఆవిణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. కాబట్టి ఈసారి సీసా కాదు, డ్రమ్మే పంపు. వాళ్లకి మొదట్లో పాత రకం కావాలి, నురుగు లేకపోతే వాళ్లు నమ్మరు.

మీ బావ

తమ్ముడూ, వేలు నిలిచింది. ఎర్రటి కండ నిండుతూ వస్తోంది, స్వెట్టరు విప్పేవాళ్లు లేక. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. సరే, అది తర్వాత.

పాల డిపో అతని తల్లిని నేను చూశాను. ఆవిడకి కావాల్సింది క్లినిక్కు, మన వరండా కాదు. నువ్వు మందు పంపితే అన్యాయం. నీళ్లు పంపితే ఇంకో రకం అన్యాయం, ఇక్కడ నయమవుతుందని నమ్మి ఆవిడ ఎక్కడికీ వెళ్లదు. బల్ల రేపో ఎల్లుండో వచ్చేస్తుంది. నేను చెబితే ఈయన "నీకేం తెలుసు" అంటారు. గట్టిగా చెబితే అలుగుతారు. నువ్వు చెప్పు.


దుకాణం, వెనక గది

అక్కా, ఈ ఉత్తరంలో గీత లేదు. అంతా చదివి వినిపించు. పంతులు చేత వద్దు, నువ్వే చదువు. పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

బావగారికి నమస్కారాలు.

కొత్త రకం అని ఏదీ లేదు. ఆ పేరుతో పంపిన మొదటి సీసాలో సగానికి పైగా నీళ్లు కలిపాను. రెండోదాంట్లో ఇంకా ఎక్కువ. మూడోది ఒట్టి ఉప్పు నీళ్లు. అందుకే నురుగు రాలేదు. మీ ఒంట్లో క్రిములు అయిపోయి కాదు. మీ ఒంట్లో కండ బతికే ఉంది. ఇప్పుడు పాత మందు పోసినా పొంగుతుంది. అలా పొంగాలి కూడా.

నయం చేసింది మందు కాదు. మందు మానడం.

డ్రమ్ము పంపను. పాల డిపో అతని తల్లిని క్లినిక్కుకి పంపండి. ఇవాళే పంపండి.

దుకాణం పెట్టిన కొత్తలో నేను పెళ్లి చీర ఒకటి మాడ్చేస్తే, ఆ ఇంటికి మీరు వెళ్లి, మాడ్చింది మీరేనని చెప్పి వచ్చారు. ఆ తర్వాత మీకు కాదని చెప్పడానికి నాకు నోరు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. కాదు.

మీరు కోప్పడితే కోప్పడండి. ఫోను చేసి తిట్టినా సరే. "ఆ" అంటాను. సరేనన్న "ఆ" అనే అనుకోండి.


ఇల్లు, ముందు గది

తమ్ముడూ,

ఈసారి ఈయన చెప్పడానికి ముందే నేను రాస్తున్నాను, ఈయన వరండాలో ఉన్నారు.

నీ ఉత్తరం చదివాను. తలుపు వేసి చదివాను. ఈయన కదలకుండా విన్నారు. అయిపోయాక చాలాసేపు కాలు ఊపుతూ కూర్చున్నారు. నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను.

"నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"మూడో సీసా నీళ్లని తెలుసు. వేలు ముంచగానే తెలిసింది. ఆ మందులో నలభై ఏళ్లు నానిన వేళ్లివి. కళ్లు పోతే వేళ్లు పోతాయా? అది తగిలితే చురుక్కుమంటుంది, వేలు మొద్దుబారుతుంది. ఇది పసిపిల్లల స్నానం నీళ్లలా ఉంది."

"మరి చెప్పలేదేం?"

"డ్రమ్ము అయిపోయి ఉంటుంది, ఆ మాట చెప్పడానికి వాడు మొహమాటపడి నీళ్లు పంపాడనుకున్నా. అడిగితే సిగ్గుపడతాడని ఊరుకున్నా. కొత్తది కొంటాడనే డ్రమ్ము పంపమన్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీళ్లని తెలిసి, నురుగు ఆగింది, క్రిములు పోయాయి అని ఊరందరికీ చెప్పారా?" అన్నాను.

"నురుగు ఆగింది కదా. అబద్ధం చెప్పానా?"

"మరి నీళ్లని తెలిశాక ఎందుకు పోసుకున్నారు?"

ఆ పొర కళ్లు కిటికీ వైపు పెట్టుకుని చెప్పారు. "కట్టు కట్టాక నొప్పి తగ్గిందే. వేలు వేలులా తెలుస్తోంది. ఆ కుర్రాడు చెప్పినట్టు చేస్తే బాగుండేదేమోనని అంతకు ముందే అనిపించింది. కానీ వాడి ముందు, అంతమంది ముందు, ఉప్పు నీళ్లు ఒక వైద్యమా అన్నవాణ్ణి. ఇంట్లో గ్లాసుడు నీళ్లు తీసుకుని నా చేత్తో నేను ఎలా పోసుకోను? బామ్మర్ది పంపిన సీసా అయితే వేరు."

నేను లేచి కాలి కట్టు మార్చాను.

పాల డిపో అతని తల్లి క్లినిక్కులో ఉంది. ఈయనే పంపారు. ఎలా పంపారో విను. "నా మందు చాలా ఘాటమ్మా, నీ ఒంటికి పడదు, ముందు ఆ కుర్ర డాక్టరు దగ్గర కొన్నాళ్లు మెత్తటి వైద్యం చేయించుకో" అన్నారు. రొట్టెల కొట్టు ఆవిడకీ అదే మాట. గడియారాల మెకానిక్‌కీ అదే. బోర్డు రాయడం ఆగింది. బల్ల మాత్రం వచ్చింది. దాని మీద కాలు పెట్టుకుని కూర్చుని, అందరినీ క్లినిక్కుకి పొమ్మంటున్నారు. మన వరండాలో కంటే అక్కడ వరస పెరిగిందని ఆ పిల్లాడు మెకానిక్‌తో అన్నాడట, ఈయన అంటే గౌరవం కూడా మొదలైందట.

కీరా మళ్లీ పచ్చిదే తింటున్నాం.

ఇదిగో లోపలికొచ్చారు. చెబుతున్నారు, రాసుకో అంటున్నారు.

బామ్మర్దికి,

నీ ఉత్తరం అందింది. అందులో కొన్ని విషయాలు నాకు సరిగ్గా వినపడలేదు.

గాయం ఇంకా కొంచెం ఉంది. మూడోసారి పంపిన రకం నా ఒంటికి బాగా పడింది. అదే ఇంకొక సీసా పంపు. పాళ్లు మార్చకు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

మీ బావ

నీళ్లు మాకూ వస్తాయి తమ్ముడూ, పంపు తిప్పితే. అయినా పంపు. నీ సీసాలో నీళ్లు, మా చెంబులో నీళ్లు ఈయనకి ఒకటి కాదు కదా.


దుకాణం, వెనక గది

అక్కకి, బావగారికి నమస్కారాలు.

సీసా పంపాను. అవే పాళ్లు. కాచి, చల్లార్చి, ఉప్పు వేశాను. మూత గట్టిగా బిగించాను. పైన కాగితం అంటించి "నురుగు మందు, చాలా ఘాటు, ఇతరులు వాడరాదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. బావగారికి కనపడకపోయినా వచ్చినవాళ్లకి కనపడుతుంది.

డాక్టరమ్మ కోట్లకి వచ్చింది. నేనే ముందు పలకరించాను.

"మా బావగారి కాలు" అన్నాను.

"ఆ, ఎలా ఉంది?" అంది.

"ఉంది" అన్నాను.